ద్రాక్షకో డబ్బా, ఖర్జూరానికో డబ్బా

చిన్నమ్మ పోయిందని మారతహళ్ళి నుంచి ఫోను వచ్చేసరికి పగలు పదకొండు దాటింది. ఆమె వంట చేసే లేడీస్ పీజీని నడిపే ఆవిడ చేసింది ఆ ఫోను. పొద్దున నలభై మంది ఆడపిల్లలకు ఉప్మా వండిపెట్టి, గిన్నెలు సర్ది, "కొంచేపు నడుము వాలుస్తా" అని వంటగది పక్కనే చాప పరుచుకుందట. బీన్సు తరిగే వేళయిందని లేపబోతే లేవలేదట. "ఏమీ బాధపడలేదమ్మా, నిద్రలోనే" అని ఆవిడ రెండుసార్లు చెప్పింది.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఎందుకంటే ఆ సాయంత్రమే ఇంకో ఫోను వచ్చింది. చందాపురలో చిన్నమ్మ పన్నెండేళ్ళు పనిచేసిన బేకరీకి ఇప్పుడు యజమాని అయినవాడు, అప్పట్లో మేమంతా చిన్న యజమాని అని పిలిచినవాడు, ఎవరి దగ్గరో నా నంబరు పట్టుకుని చేశాడు. "ఆంటీ మాకు అమ్మ మాదిరి అక్కా. మా ప్లమ్ కేక్‌కి అంత పేరు వచ్చిందంటే ఆమె చేతి వల్లే. పదకొండో దినానికి తప్పకుండా వస్తా" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను.

మా వీధి తెలుగువాళ్ళు నెలనెలా తెచ్చే చిన్న పత్రికకు ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. చిన్నమ్మ గురించి నిజం రాయాలంటే నాకు మెత్తగా రాయడం చేతకాదు. చదివేవాళ్ళు మన్నించాలి. మన్నించకపోయినా ఫర్వాలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మడకశిర వైపు పల్లె. వేరుశెనగ వరసగా ఎండిపోయిన ఏళ్ళలో చిన్నాయనతో కలిసి బెంగళూరుకు కట్టడాల పనికి వచ్చింది. చందాపురలో మేముండే వఠారంలోనే ఒక గది తీసుకున్నారు. ఎనిమిది గదులకూ ఒకటే కొళాయి. వచ్చిన రెండో ఏడు చిన్నాయన పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఇటుకలు మోయడానికి వెళ్ళలేదు. "ఆ ఎత్తు చూస్తే కండ్లు తిరుగుతాయి పాపా" అనేది. పిల్లలు లేరు. రోడ్డు మీది బేకరీలో ట్రేలు కడిగే పనిలో చేరింది. తొంభైల తొలి రోజులవి. నేను ఐదో తరగతి.

ట్రేలు కడుగుతూ కడుగుతూ ఆమె చూపంతా పిండి కలిపే బల్ల మీదే ఉండేది. ఒకనాడు అక్కడ పిండి కలిపే మాస్టరును అడిగేసింది, తానూ కలుపుతానని. ఆ మాస్టరు చెడ్డవాడు కాదు. నవ్వి, "చీటీ చదవను రాదు, తూకం చూడను రాదు, ఎట్లా కలుపుతావమ్మా?" అన్నాడు. చిన్నమ్మ ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చుంది. చివరికి మా అమ్మతో అంది: "తూకం రాకుంటే పోనీ. కొలత రాదా నాకు? శేరుతో, పడితో కొలిచి కొలిచి పెరిగినదాన్ని."

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నన్ను మా వీధిలో సరుకులమ్మే శెట్టి అంగడికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. ఆ వేళకు శెట్టి అంగడిలో బేరాలుండవు. ఆయన దగ్గర గడియారం లాంటి తూకం యంత్రం ఒకటి ఉండేది, ముల్లు తిరిగేది. చిన్నమ్మ బేకరీ నుంచి ఖాళీ పాలపొడి డబ్బాలు, డాల్డా డబ్బాలు తెచ్చేది. డబ్బాలో ఎండుద్రాక్ష పోసి, నేల మీద మూడుసార్లు తట్టి, అరచేత్తో పైన చదును చేసి, యంత్రం పళ్ళెంలో వంపేది.

"ఎంతుండాదో చదువు పాపా."

నేను ముల్లు చూసి చదివేదాన్ని. ఎక్కువైతే పిడికెడు తీసేది, తక్కువైతే వేసేది. కిలో సరిపోయాక మళ్ళీ డబ్బాలోకి పోసి తట్టి, అది ఎంతవరకు వచ్చిందో మేకుతో గీత గీసేది. అదే పని మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు మళ్ళీ. మూడు గీతలు పడేవి, ఒకదాని కింద ఒకటి. మధ్య గీతను నిలబెట్టుకునేది. శెట్టికి ఓపిక నశించి, "ఒక్కసారి చూస్తే చాలదేమ్మా?" అంటే, "ఒక దినం గాలి మాదిరి ఇంకో దినం ఉండదు కదప్పా. చెమ్మ తగిలితే ద్రాక్ష ముద్ద కట్టుకుంటుంది. ముద్దల నడుమ సందులుంటాయి. డబ్బా నిండినట్టే ఉంటాది, లోపల తక్కువుంటాది" అనేది.

అట్లా ఒక్కో పండుకు ఒక్కో డబ్బా తయారైంది. రేకుల పని చేసే సాయిబు గీత దగ్గరికి కత్తిరించి, చేతులు కోసుకోకుండా అంచు మడిచి ఇచ్చాడు. ద్రాక్షకు ఒకటి. తరిగిన ఖర్జూరానికి ఒకటి. జీడిపప్పుకు అన్నిటికంటే పొడుగుది, ఎందుకంటే వంకర పలుకులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, కిలో అంటే చాలా చోటు పడుతుంది. అంజూరానికి వేరే. టూటీ ఫ్రూటీకి వేరే. అన్నీ నింపితే కిలోనే. పక్కపక్కన పెడితే ఒక్కటీ ఇంకోదాని ఎత్తు లేదు.

ఆ ఏడు డిసెంబరులో కేకుల తొందరలో మాస్టరు ఒక్కడూ తట్టుకోలేకపోతున్నప్పుడు ఆమె తన డబ్బాలు తీసుకుని బల్ల దగ్గర నిలబడింది. మాస్టరు అనుమానంగా ఆమె కొలిచిన ద్రాక్ష తీసుకెళ్ళి తూచి వచ్చాడు. ఖర్జూరం తూచి వచ్చాడు. మూడోసారి తూచలేదు. "కలుపు" అన్నాడు. పెద్ద యజమాని జీతం పెంచాడు, ట్రేలకు వేరే మనిషిని పెట్టాడు.

నాకు ఏడో తరగతిలో లెక్కల సారు ఒక లీటరు అంటే ఒక కిలో అని చెప్పారు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. చిన్నమ్మ నవ్వింది. లీటరు చెంబులో ఎండుద్రాక్ష నింపి నా ఒళ్ళో పెట్టింది.

"మీ సారు చెప్పింది నీళ్ళకు సరే. దీనికి ఎట్లా? నడుమ గాలి ఉండాది చూడు. గాలిని ఎవురు తూకం వేస్తారు?"

ఆ చెంబులో ఉన్నది ముప్పావు కిలో కూడా లేదు. నేను మర్నాడు సారును అడిగితే బెంచీ ఎక్కించారు. ఆ సంగతి విని చిన్నమ్మ బడికి వస్తానని పట్టుబట్టింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెంబు సంకలో పెట్టుకుని బయల్దేరింది కూడా. మా అమ్మ వాకిట్లో అడ్డం పడి ఆపింది. ఆమెకు కోపం వచ్చేది. అది చెప్పాలి మీకు. శాంతమూర్తి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి అని పోయినవాళ్ళందరి గురించీ రాస్తారే, అట్లాంటి మనిషి కాదు ఆమె.

వఠారంలో ఆడవాళ్ళు వారపత్రికల్లో వంటలు చదివి ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. నూటయాభై గ్రాముల ఎండుద్రాక్ష అని రాసుంటుంది. ఎవరింట్లోనూ తూకం లేదు. చిన్నమ్మ ఆ ఇంటి గ్లాసు తెమ్మనేది. తన గ్లాసుతో చెప్పేది కాదు. "మీ గ్లాసు మీది. నా గ్లాసు నాది. రెండూ ఒకటని ఎవురు చెప్పినారు?" వాళ్ళ గ్లాసు నీళ్ళతో నింపి, తన చెంబులో పోసి చూసుకుని, "నీకు గ్లాసుకు రెండు వేళ్ళు తక్కువ" అని వేలు అడ్డం పెట్టి చూపించేది. తరిగిన తర్వాత కొలవాలా, కొలిచిన తర్వాత తరగాలా అని అడిగితే, "చీటీలో ఎట్లా రాసుంటే అట్ల. రాసిలేకుంటే తరిగినంక కొలువు. ఎంత సన్నగా తరిగితే అంత సర్దుకుంటుంది" అనేది. ఇసుక పోసిన అల్యూమినియం గిన్నెలో కేకు కాల్చడం ఆ వఠారంలో ఆరిళ్ళవాళ్ళకు నేర్పింది. పండ్లను పిడికెడు మైదాలో దొర్లించి వేయమనేది, అడుక్కు దిగిపోకుండా.

నేను పన్నెండో తరగతి అయ్యాక కంప్యూటరు కోర్సు ఆరు నెలలు చేశాను. జిగణిలో మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. చిన్నమ్మే పెద్ద యజమానిని అడిగి నన్ను బేకరీలో బిల్లింగుకు పెట్టించింది. ఆ ఉద్యోగం ఆమె ఇప్పించింది. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకు పెద్ద యజమానికి ఆరోగ్యం చెడింది. కొడుకు వచ్చాడు. ఎక్కడో ఏదో కోర్సు చేసి వచ్చాడు. రింగురోడ్డు కంపెనీల నుంచి ఆర్డర్లు పట్టుకొచ్చాడు, అది నిజమే. కొత్త మనుషులను చాలామందిని పెట్టాడు. కొత్తవాళ్ళకు నేర్పే ఓపిక లేక ప్లాస్టిక్ కొలత కప్పులు డజను కొనుక్కొచ్చాడు. ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"ఇది టైప్ చేసెయ్. పెద్ద అక్షరాలు. లామినేట్ చేసి గోడకు అంటించాలి. ఇంక ఎవరొచ్చినా సులభంగా కలిపేస్తారు."

అందులో రాసి ఉన్నది ఇది: డ్రై ఫ్రూట్స్, ఒక కప్పు, నూరు గ్రాములు.

ఒకటే వాక్యం. ద్రాక్షకూ అదే, ఖర్జూరానికీ అదే, జీడిపప్పుకూ అదే. నేను ఆ వాక్యం చూడగానే తప్పని తెలిసింది. ముల్లు చదివి చదివి పెరిగినదాన్ని, తెలియకపోవడమేంటి? "సార్, ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కదా" అన్నాను. వినపడీ వినపడనట్టు అన్నాను. ఆయన, "రౌండ్ ఫిగర్ ఉంటే చాలు. లెక్క ఈజీ. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. నేను టైపు చేశాను. ముద్దుగా ఉండాలని చుట్టూ పూల బార్డరు కూడా పెట్టాను.

డబ్బాలను పాత సామాన్లవాడికి వేసేశారు. వాడు వాటిని కాలితో తొక్కి చదును చేసి సంచిలో వేసుకుంటుంటే చిన్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "అవి ఏం చేసినాయప్పా నిన్ను?" అని చిన్న యజమానిని అడిగింది. ఆయన నవ్వి, "హైజీన్ ఆంటీ. తుప్పు పడతాయి" అన్నాడు. ఒక్క డబ్బాకు తుప్పు లేదు. ప్రతి ఆదివారం చింతపండుతో తోమేది.

ఆ డిసెంబరులో ఒక పెద్ద కంపెనీకి నూటయాభై ప్లమ్ కేకులు ఆర్డరు వచ్చింది. మాస్టరు అప్పటికి మానేసి సొంత ఊరికి వెళ్ళిపోయాడు. కలపడం చిన్నమ్మది. చార్టు ప్రకారమే కలపమని ఆజ్ఞ. ఒక్కో వాయికి నాలుగు కిలోల పండ్లంటే నలభై కప్పులు. ఆమె మొదటి వాయిలో ఇరవై ఐదో కప్పు దగ్గర ఆపింది. ఆమె చేతికి తెలుసు. బయటికి వచ్చి చిన్న యజమానిని పిలిచింది.

"అప్పా, ఒకతూరి వచ్చి చూడు. చాలు అంటా ఉండాది పిండి. ఇంకా వేస్తే అది కేకు గాదు, పండ్ల ముద్ద."

ఆయన ఫోనులో ఉన్నాడు. చెయ్యి ఊపి, "చార్టులో ఎంతుంటే అంత" అన్నాడు. ఆమె ప్రతి వాయికీ నలభయ్యీ వేసింది. నాలుగు కిలోలు పడాల్సిన చోట ఆరు కిలోలు దాటి పడ్డాయి. నేను బిల్లింగు దగ్గర కూర్చుని అన్నీ విన్నాను.

ఆ కేకులు ఎట్లా వచ్చాయో చెప్పనక్కర్లేదు. పండ్లన్నీ అడుక్కు దిగి మాడాయి. కత్తి పెడితే పొడి పొడిగా రాలిపోయాయి. మర్నాడు ఆ కంపెనీ ఆయన సగం అట్టపెట్టెలు వెనక్కి తెచ్చి కౌంటరు మీద పడేసి అరిచాడు. అంగడిలో ఏడెనిమిది మంది కొనుక్కునేవాళ్ళున్నారు. చిన్న యజమాని గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేలా చెప్పాడు:

"సారీ సార్. లోపల కలిపే ఆమెకు చదువు రాదు. ఎంత చెప్పినా కొలత తప్పుతుంది. ఈ రోజే తీసేస్తున్నాం."

చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతులకు పిండి ఉంది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఏడ్వడానికి వెళ్ళిందనుకున్నాను. ప్లాస్టిక్ కప్పు నిండా ఎండుద్రాక్ష పోసుకుని వచ్చింది. పైన అరచేత్తో చదును చేసింది. కౌంటరు మీది ఎలక్ట్రానిక్ తూకం పళ్ళెంలో అందరి ముందూ వంపింది. ఆ యంత్రం అంకెలు మా వైపు కనిపిస్తాయి, కొనేవాళ్ళ వైపు కాదు. ఆమె నా వైపు తిరిగింది.

"ఎంతుండాదో చదువు పాపా."

ఎర్రటి అంకెలు. నూట అరవై రెండు. నా తలపైన గోడకు పూల బార్డరుతో నేను టైపు చేసిన చార్టు, అందులో నూరు. నేను నోరు తెరిస్తే చాలు. మూడే మాటలు.

నేను కీబోర్డు వైపు చూశాను.

"తీసెయ్యండి ఆంటీ, కస్టమర్స్ ముందర డ్రామా వద్దు" అని చిన్న యజమాని ద్రాక్షను పళ్ళెంలోంచి అరచేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. కంపెనీ ఆయన అప్పటికే ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చిన్నమ్మ ఇంకొంచెంసేపు నన్నే చూసింది. తర్వాత నడుముకున్న గుడ్డ విప్పి కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళ పని. ఒక గుడ్డ మడత పెట్టినంతసేపట్లో అయిపోయింది.

నా కోపానికి కారణం అంతటితో అయిపోలేదు. వారం తిరక్కుండా చిన్న యజమాని నా చేతికి ఇంకో కాగితం ఇచ్చాడు. తానే కూర్చుని ఒక్కో పండూ తూచుకుని రాసిన లెక్క. ద్రాక్ష కప్పుకు ఇంత. తరిగిన ఖర్జూరం ఇంత. జీడిపప్పు ఇంత. అన్నీ వేరువేరు. అంటే ఆయనకు తెలిసింది. తప్పెవరిదో తెలిసింది. ఆ కాగితం నాకిచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. "పాతది చించెయ్" అన్నాడు. చిన్నమ్మను వెనక్కి పిలుద్దామని ఆయన అనలేదు. నేనూ అనలేదు. రెండో చార్టూ నేనే టైపు చేశాను. మొదటి అబద్ధమూ, తర్వాతి నిజమూ ఈ పది వేళ్ళే టైపు చేశాయి. నిజం టైపు చేసినప్పుడు దాని మీద ఆమె పేరు లేదు. అబద్ధం బయటపడినప్పుడు మాత్రం అంగడి అంగడంతా ఆమె పేరే.

ఇంట్లో నా జీతం తప్ప ఇంకోటి లేదని మీకు చెప్పగలను. నాన్న మందులని చెప్పగలను. అవన్నీ నిజాలే. అయినా నేను ఆ అంకె చదివి ఉండొచ్చు.

చిన్నమ్మ వఠారం ఖాళీ చేసి మారతహళ్ళి వెళ్ళిపోయింది. ఎవరో చెప్తే పీజీలో వంటపని దొరికింది. మా ఇంటికి పండక్కి వచ్చేది, మా అమ్మతో మాట్లాడేది. నాతోనూ మాట్లాడేది, "తిన్నావా, బస్సు దొరికిందా" అన్నంతవరకు. నేను బేకరీ మానేసి టైపింగు సెంటరులో చేరాను. నాలుగేళ్ళు గడిచాయి. నాలుగేళ్ళు నాకు ఆమె ఎదురుగా కూర్చుని అన్నం సహించలేదు.

ఒక ఆదివారం ధైర్యం చేసి పీజీకి వెళ్ళాను. పొద్దున పది. ఆఫీసులు లేవు కాబట్టి ఆడపిల్లలు ఇంకా నిద్ర లేవలేదు. ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఖర్జూరం గింజలు తీస్తోంది. ఆ పిల్లల్లో ఒకరికి పుట్టినరోజట. నేను నిలబడే అంతా చెప్పేశాను. చార్టు నేనే టైపు చేశానని. అంకె కనిపించిందని. రెండో చార్టు సంగతి కూడా. చెప్తూ ఏడ్చాను. ఆమె గింజలు తీస్తూనే వింది. నేను ఆపాక అడిగింది:

"ఆ పొద్దు ఎంతుండె?"

"నూట అరవై రెండు చిన్నమ్మా."

"నేను నూట అరవై అనుకున్యా" అంది. ఆమె ముఖంలో ఒక్క క్షణం పనిమంతురాలి సంతోషం కనపడింది. వెంటనే పోయింది.

"నువ్వు చెప్పింటే నీ పనీ పోతుండె. నాది ఎట్లాగూ ఉండేది కాదు. అది నాకు తెల్సు."

"మరి నా మీద కోపం లేదా?"

సినిమాల్లో అయితే ఇక్కడ లేదమ్మా అంటారు. చిన్నమ్మ నా వైపు సూటిగా చూసింది.

"ఉండాది. ఏంటికి ఉండదు? నువ్వు చదవకుంటే ఇంకెవురు చదువుతారు నాకు? కోపం ఉండాది పాపా. చచ్చేదంకా ఉంటాది. కూర్చో, ఉప్మా పెడతా. చల్లారిపోతాది."

నేను కూర్చుని తిన్నాను. నాలుగేళ్ళ తర్వాత ఆమె ముందు కడుపు నిండా తిన్న అన్నమో, టిఫినో అదే. కోపం లేదని ఆమె అబద్ధం చెప్పి ఉంటే నాకు ఆ ముద్ద దిగేది కాదు. అప్పటినుంచి నెలకో ఆదివారం వెళ్ళేదాన్ని. ఖర్జూరం తరిగి ఇచ్చేదాన్ని. నేను పెద్దగా తరిగితే తిట్టేది.

ఇప్పుడు పదకొండో దినం సంగతి. ఆమెను మా అమ్మ ఉండే వఠారానికే తీసుకొచ్చాం, అక్కడినుంచే సాగనంపాం, కర్మ కూడా అక్కడే. పీజీ పిల్లలు పాతిక మంది దాకా సెలవు పెట్టుకుని వచ్చారు. తెలుగు రానివాళ్ళు, కన్నడం రానివాళ్ళు, ఏ ఊరివాళ్ళో. వాకిట్లో చెప్పులు విప్పి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడవారగా నిలబడ్డారు. విస్తర్లు వేస్తుండగా వీధి చివర కారు ఆగింది. చిన్న యజమాని దిగాడు. ఇప్పుడు నాలుగు అంగళ్ళ యజమాని. ఒక చేతిలో పూలదండ, ఇంకో చేతిలో బంగారు రంగు అక్షరాల కేకు డబ్బా.

ఫోటోకు దండ వేశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఆంటీ కేక్ తిన్నారా ఎప్పుడన్నా? పర్ఫెక్ట్ కొలత ఆమెది. మా ఫ్యామిలీ మెంబర్ లాగా" అన్నాడు.

"నూట అరవై రెండు" అన్నాను నేను.

అందరూ నా వైపు చూశారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏంటక్కా?"

"ఆ రోజు కౌంటరు మీద చిన్నమ్మ ద్రాక్ష తూచింది. ఎంతుందో చదవమంది. నేను చదవలేదు. ఇప్పుడు చదువుతున్నా. నూట అరవై రెండు. నీ చార్టులో నూరు అని ఉండింది. కేకులు చెడగొట్టింది ఆమె కాదు. నువ్వు. టైపు చేసింది నేను. ఆమె చదువు రానిదని ఎనిమిది మంది ముందు చెప్పి తీసేశావు. వారానికి ఆమె లెక్కే సరైందని నీకే తెలిసింది. తెలిసీ పిలవలేదు."

మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఈ దినం గలాటా ఏంటికే? వచ్చినోళ్ళను అట్లంటారా?"

"ఈ దినం కాకపోతే ఇంకే దినం అంటానమ్మా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "అక్కా, ఎప్పటి విషయం అది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బిజినెస్‌లో ఇట్లాంటివి అవుతుంటాయి. నేను గౌరవంతో వచ్చా" అన్నాడు. ఒక్కసారి 'తప్పయింది' అంటాడేమోనని చూశాను. నిజంగానే చూశాను. ఆయన వాచీ చూసుకున్నాడు. డబ్బా ఎవరి చేతికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసి, ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పీజీ పిల్లల్లో ఒకమ్మాయి, మాటలు అర్థమయ్యాయో లేదో, నా దగ్గరికి వచ్చి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. మా అమ్మ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఇది చదివి మీలో కొందరికి కూడా నా మీద కోపం రావచ్చు, చావింట్లో ఆ మాటలేంటని. రానివ్వండి.

అందరూ వెళ్ళిపోయాక, ఎండ వాలుతుండగా, నేను గుమ్మంలో కూర్చున్నాను. గోడ మీద డబ్బా అట్లాగే ఉంది. మూత ఒక మూల కొంచెం లేచింది, అక్కడినుంచి చీమల బారు మొదలై గోడ పొడుగునా సాగుతోంది. ఏడెనిమిది చీమలు కలిసి ఒక ఎండుద్రాక్షను మోసుకుంటూ గోడ దిగుతున్నాయి. మధ్యలో అది జారింది. అవి ఆగాయి, చుట్టూ తిరిగాయి, మళ్ళీ పట్టుకున్నాయి. లేచి డబ్బా తీసేద్దామనుకున్నాను. తియ్యలేదు. చీకటిపడి అవి కనిపించనంతవరకు అక్కడే కూర్చున్నాను.